భాష సమస్య విదేశీ విద్యార్థులది మాత్రమేనా?

ఇంగ్లిష్ మాట్లాడే దేశాల యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థులు, స్థానిక విద్యార్థులు ఎందుకు కలవరన్న ప్రశ్నకు ఒక జవాబు తెగ షేర్ అవుతోంది. దాని సారాంశం ఇది: "విదేశీ విద్యార్థులు ఇంగ్లిష్ పరీక్ష పాసయ్యే వచ్చారు కాబట్టి భాష రాదనడం సాకు. కలవడం ఇష్టం లేక తమవాళ్ళతోనే తిరుగుతారు. వాళ్ళ యాస అర్థం కాదు. గ్రూప్ ప్రాజెక్టుల్లో వాళ్ళవల్ల మార్కులు పోతాయి. మారాల్సింది వాళ్ళే." ఇందులో ఒక్క మాటలో మాత్రమే కొంత నిజం ఉంది. మిగతావి నిలబడవు.

మొదట పరీక్ష సంగతి. ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగా ఉండేది ఒక్క ఎగ్జామినర్. ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగుతారు. సెమినార్ గదిలో ఎవరూ ఆగరు. ఐదుగురు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటారు, సగం వాక్యాలు మింగేస్తారు, మధ్యలో జోకులు. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య సగటు విరామం సుమారు 200 మిల్లీసెకన్లని తేలింది. అంటే అవతలివాళ్ళు ఇంకా మాట్లాడుతుండగానే మన జవాబు సిద్ధమైపోతోందన్నమాట. రెండో భాషలో వింటూ, అర్థం చేసుకుంటూ, అదే సమయంలో వాక్యం కూర్చుకోవాలంటే ఎవరికైనా ఆలస్యమవుతుంది. చెప్పాలని నోరు తెరిచేసరికి చర్చ వేరే విషయంలోకి వెళ్ళిపోయి ఉంటుంది. తెరిచిన నోరు మూసుకుని, తల దించి నోట్స్ రాసుకుంటున్నట్టు కూర్చుంటారు. చూసేవాళ్ళకు మాత్రం "ఆ అమ్మాయి ఏమీ మాట్లాడదు" అనిపిస్తుంది.

ఇక గుంపుల మాట. ఒకే స్కూల్ నుంచి వచ్చిన స్థానిక విద్యార్థులు రోజూ ఒకే వరుసలో కూర్చుంటే దాన్ని స్నేహం అంటాం. విదేశీ విద్యార్థులు అదే పని చేస్తే కలవడం ఇష్టం లేదంటాం. రోజంతా పరాయి భాషలో వినీ వినీ అలసిపోయినవాళ్ళు సాయంత్రం సొంత భాషలో నాలుగు మాటలు మాట్లాడుకోవడం తప్పెలా అవుతుంది? పైగా ఒకే హాల్లో కూర్చోబెట్టినంత మాత్రాన మనుషులు కలవరు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, కలిసి చేసే పని, సంస్థ మద్దతు ఉన్నప్పుడే పరిచయం దూరాన్ని తగ్గిస్తుందని అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పారు.

యాస గురించిన వాదనే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 1995లో మన్రో, డెర్వింగ్ అనే పరిశోధకులు రెండో భాషగా ఇంగ్లిష్ మాట్లాడేవారి మాటలు వినిపించి, విన్నది విన్నట్టు రాయమన్నారు. యాస చాలా ఎక్కువగా ఉందని తామే చెప్పిన మాటలను కూడా శ్రోతలు చాలాసార్లు తప్పు లేకుండా రాయగలిగారు. అంతకు మూడేళ్ళ ముందు, 1992లో, డోనల్డ్ రూబిన్ అనే పరిశోధకుడు అమెరికాలో డిగ్రీ విద్యార్థులకు ఒక రికార్డు చేసిన పాఠం వినిపించారు. గొంతు ఒక్కటే, అదీ ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న వ్యక్తిది. కొందరికి తెల్లజాతి ముఖం ఫొటో చూపించారు, కొందరికి ఆసియా ముఖం. ఆసియా ముఖం చూసినవాళ్ళకు అదే గొంతులో పరాయి యాస వినిపించింది, పాఠం కూడా తక్కువ అర్థమైంది. అర్థం కాలేదన్న ప్రతిసారీ తప్పు మాట్లాడినవాళ్ళదే అనుకునే ముందు ఈ ప్రయోగం గుర్తు చేసుకోవాలి.

మార్కుల భయం ఉత్తది కాదు, అది ఒప్పుకుంటాను. భాష కుదరని గ్రూప్‌లో పని నెమ్మదిస్తుంది, గడువు దగ్గరపడితే టెన్షన్ పెరుగుతుంది. కానీ తరచూ జరిగేదేమిటంటే, ఆలోచించే పనీ రాసే పనీ స్థానికులు తీసుకుని, స్లైడ్లు చేసే పని విదేశీ విద్యార్థికి అప్పగిస్తారు. చివర్లో "తనేం చేసింది?" అంటారు. చర్చించాల్సిన ప్రశ్నలు ముందు రోజే పంపి, మాట్లాడే ముందు ఐదు నిమిషాలు అందరినీ రాసుకోనిస్తే ఆ అమ్మాయి కూడా ఏదో ఒకటి పట్టుకుని వస్తుంది. ఈ ఏర్పాటు చేయాల్సింది అధ్యాపకులు.

మారాల్సింది వాళ్ళొక్కరేనా? వాళ్ళు ఇప్పటికే రోజంతా రెండో భాషలో చదువుతున్నారు, రాస్తున్నారు, పరీక్షలకు హాజరవుతున్నారు. స్థానిక విద్యార్థిని అడుగుతున్నది అందులో పదో వంతు కూడా లేదు. వాక్యం పూర్తిచేసి మాట్లాడటం, అవతలివాళ్ళకు అర్థం కాకపోతే గొంతు పెంచకుండా వేరే మాటల్లో చెప్పడం, తమకు అర్థం కానప్పుడు "సరే, వదిలెయ్" అనకుండా ఏ మాట తెలియలేదో అడగడం, అంతే.