ఆశపడేదెవరండీ? హోప్‌ఫుల్లీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హోప్‌ఫుల్లీ గారి దివ్యసముఖమునకు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మేమంతా ఇక్కడ క్షేమం. మీరూ క్షేమమని ఆశిస్తున్నాను. ఈ చివరి ముక్కలో 'నేను' అని రాయకపోయినా ఆశపడేది నేనేనని దొరికిపోయాను చూడండి. తెలుగు క్రియ అంతే, కర్తను ఎంత దాచినా తోక బయటపెడుతుంది. మీకా ఇబ్బంది లేదు. మీరొచ్చి ఇంగ్లీషు వాక్యం మొదట్లో కూర్చుంటే ఆశ ఉంటుంది, ఆశపడేవాడు మాత్రం వెతికినా కనపడడు. మీతో నా పేచీ అంతా అక్కడే.

మీరలా వాక్యం మొదట్లో కూర్చోవడం తప్పా ఒప్పా అన్న పాత కేసు తిరగదోడుతున్నాననుకోకండి. అయినా మీ వృత్తాంతం కాస్త చెప్పక తప్పదు. పదిహేడో శతాబ్దం నుంచీ మీరు బుద్ధిగా క్రియావిశేషణం ఉద్యోగం చేసుకుంటూ వచ్చారు. 'షి వెయిటెడ్ హోప్‌ఫుల్లీ' అంటే ఆమె ఆశగా ఎదురుచూసింది. ఎదురుచూసిందెవరో ఆశ కూడా వాళ్లదే, అనుమానానికి తావు లేదు. ఇరవయ్యో శతాబ్దంలో మీకు పదోన్నతి మీద మనసైంది. 1930లలో అచ్చులో అక్కడక్కడా తలెత్తారు. 1960లకు వచ్చేసరికి అమెరికాలో ఎవరి నోట విన్నా మీరే. క్రియ పక్కన నిలబడే పని మానేసి వాక్యం నెత్తికెక్కారు. 'హోప్‌ఫుల్లీ, ది ట్రెయిన్ విల్ కమ్' అంటే రైలు ఆశగా వస్తుందని కాదు. రైలుకేం ఆశలుంటాయి? అది వస్తే బాగుణ్ణని ఎవరో అనుకుంటున్నారు. ఆ ఎవరో ఎవరన్నది మీరు చెప్పరు. జర్మన్‌లో సరిగ్గా ఇదే పని చేసే 'హోఫెంట్లిష్' ఉందనీ, మీకీ అలవాటు అక్కణ్ణుంచే అంటిందనీ కొందరి అనుమానం. పిల్లవాడు చెడిపోతే పక్కింటివాళ్లను అనడం అన్ని భాషల్లోనూ ఉన్నట్టుంది.

ఇక పెద్దమనుషులు ఊరుకుంటారా? పంచాయితీ పెట్టారు. అమెరికన్ హెరిటేజ్ నిఘంటువుకు ఏ వాడుక ఒప్పో ఏది తప్పో చెప్పే రచయితల, సంపాదకుల మండలి ఒకటుండేది. 1969లో మీ గురించి అడిగితే 44 శాతం మంది సరేనన్నారు. లోకం మిమ్మల్ని అంతకంతకూ ఎక్కువగా వాడుతున్నా, 1986లో మళ్లీ అడిగితే 27 శాతమే ఒప్పుకున్నారు. జనం నోట్లో మీరు ఎంత నానితే పండితులకు అంత ఒళ్లు మండిందన్నమాట. తమాషా ఏమిటంటే, అదే విడతలో మీ తోబుట్టువు 'మెర్సిఫుల్లీ'ని ('అదృష్టవశాత్తూ' అనే అర్థంలో) వాక్యం మొదట్లో పెట్టి చూపిస్తే 60 శాతం తల ఊపారు. అదే తోక, అదే చోటు, చేసిన పనీ అదే. 'ఫ్రాంక్లీ'నైతే ఎవరూ పిలిచి అడిగిన పాపాన పోలేదు. 'ఫ్రాంక్లీ, ది చెయిర్ ఈజ్ అగ్లీ' అన్నప్పుడు కుర్చీకి నిర్మొహమాటం ఎక్కడిదని నిలదీసినవాడు లేడు. 'శాడ్లీ' పొద్దున క్రియ దగ్గరా సాయంత్రం వాక్యం దగ్గరా పనిచేసుకుంటూ పెన్షన్ దాకా వచ్చేసింది. తిట్లన్నీ మీకే.

మిమ్మల్ని తిట్టినవాళ్ల వాదనలో పస లేదనను. బాధ విషయంలో ఇంగ్లీషు ఇద్దరు మనుషుల్ని పెట్టుకుంది. 'రిగ్రెట్‌ఫుల్లీ' అంటే మనిషి నొచ్చుకుంటూ చేశాడని, 'రిగ్రెటబ్లీ' అంటే జరిగిన సంగతే విచారించదగ్గదని. ఆశకు అలాంటి రెండో మనిషిని వేసుకోలేదు. అందుకని ఒక్క జీతం మీద రెండు కొలువులూ మీరే నెట్టుకొస్తున్నారు. 'హి విల్ స్పీక్ హోప్‌ఫుల్లీ' అని కామా లేకుండా ఎవరైనా రాస్తే, ఆయన ఆశగా మాట్లాడతాడో, మాట్లాడితే బాగుణ్ణో తేలక చదివేవాడు కాసేపు వాక్యం చుట్టూ తిరగాలి. నోటితో చెప్పినప్పుడు గొంతు ఆగే చోటును బట్టి తెలిసిపోతుంది గానీ కాగితానికి గొంతు లేదు కదా.

పోనీ మీకు బదులుగా ఆ పెద్దమనుషులు సూచించిన మాటలేమిటి? 'ఐ హోప్' ఒకటి, బంగారం లాంటి మాట. రెండోది 'ఇట్ ఈజ్ హోప్డ్ దట్', అంటే 'ఆశించబడుతున్నది'. ఇందులో ఆశపడేవాణ్ని చూపిస్తే వాళ్ల కాళ్లకు దండం పెడతాను. దొంగను వెళ్లగొట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న దొంగకు తాళాలిచ్చారు. ఆఫీసు ఉత్తర్వుల్లో అది ఇప్పటికీ హుందాగా తిరుగుతోంది.

చివరికి 2012 ఏప్రిల్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన శైలీ నియమావళిలో మీకు తలుపు తీసింది. 'ఆశిస్తున్నాం' అనే అర్థంలో వాడుకోవచ్చంది. ఆ ముక్క లోకానికి చెప్పిన వాక్యాన్ని కూడా మీతోనే మొదలుపెట్టింది. వ్యాకరణం తరఫున మీరు నిర్దోషులు. నాకూ అభ్యంతరం లేదు.

నా ఫిర్యాదు వేరే. రేపు వాన పడకపోతే బాగుణ్ణని చెప్పడానికి మిమ్మల్ని పిలిస్తే తప్పేముంది? వాన ఎవరి చేతిలోనూ లేదు, ఆశ కూడా అందరిదీ. పరీక్ష రాసొచ్చిన పిల్ల 'పాసవుతావా?' అంటే 'హోప్‌ఫుల్లీ' అంటుంది. పేపరు దిద్దేది తను కాదు కాబట్టి అదీ న్యాయమే. కానీ 'హోప్‌ఫుల్లీ రేపు నీకు ఫోన్ చేస్తాను' అనేవాణ్ని ఏమనాలి? ఫోన్ వాడిది, వేలు వాడిది, రేపు కూడా చాలావరకు వాడిదే. తన వేలు కదలాలని తనే ఎక్కడో దూరంగా నిలబడి ఆశపడుతున్నాడు! 'ఫైల్ హోప్‌ఫుల్లీ సోమవారానికి అయిపోతుంది' అంటాడు ఇంకొకాయన. ఫైలు ఆయన బల్ల మీదే ఉంటుంది, అవడానికి దానికి కాళ్లు లేవు. 'సోమవారానికి చేస్తానని ఆశిస్తున్నాను' అనమనండి చూద్దాం. నోరు రాదు. తను చేసే పనికి తనే ఆశపడుతున్నానని చెప్పుకోవడం ఎంత వింతగా ఉంటుందో ఆ వాక్యంలో కనపడిపోతుంది. మీరుంటే కనపడదు.

ఇంకా ముదిరినవాళ్లు వాక్యం కూడా వృథా చేయరు. 'వస్తున్నావు కదా?' అంటే 'హోప్‌ఫుల్లీ'. అయిపోయింది. కర్త లేడు, క్రియ లేదు, రాకపోతే అడగడానికి మాటిచ్చినవాడూ లేడు. రానని చెబితే మొహమాటం, వస్తానంటే రావాల్సి వస్తుంది. ఆ రెంటికీ మధ్య మీరు పరుపు వేసి ఉంచారు. విన్నవాడు మాత్రం దాన్ని 'వస్తాను' కిందే లెక్కేసుకుని కుర్చీ వేసి కూర్చుంటాడు. మీ పేరులో ఉన్న ఆశ నిజంగా ఎవరికైనా ఉందంటే, పాపం, వాడికే.

అందుకని ఒక చిన్న మనవి. మిమ్మల్ని ఎవరైనా వాక్యానికి పిలిచినప్పుడు, వెంటనే లేచి వెళ్లిపోకుండా, ఆ పని ఎవరిదో ఒక్క మాట కనుక్కోండి. వానదో, రైలుదో, పేపరు దిద్దే మాస్టారిదో అయితే నిరభ్యంతరంగా వెళ్లండి. మాట్లాడేవాడిదే అయితే ఒంట్లో బాగాలేదని చెప్పి 'ఐ విల్'నో 'ఐ వోంట్'నో పంపించండి. ఆ ఇద్దరూ ఈ మధ్య పనిలేక ఖాళీగా ఉన్నారని విన్నాను.

జవాబు రాయండి. హోప్‌ఫుల్లీ రాస్తానని మాత్రం రాయకండి.

ఇట్లు,
మొన్నటి ఫోన్ కోసం ఇంకా కూర్చునే ఉన్న ఒకడు