నడుముకు స్క్రూలు ఎందుకో ముందు అడగండి

ఎంఆర్‌ఐ రిపోర్టు చేతికి రాగానే సగం ప్రాణం పోతుంది. డిస్కు అరిగింది, పూస జరిగింది, నరం నొక్కుకుంది అని వరసపెట్టి రాసి ఉంటుంది మరి. కానీ ఏ నొప్పీ లేని 80 ఏళ్ల వాళ్లకి స్కాన్ తీసినా 96 శాతం మందిలో డిస్కు అరుగుదల కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. కాబట్టి ఆపరేషన్ సంగతి ఆ కాగితం చూసి కాదు, మనిషి నడక చూసి తేల్చాలి.

వయసు మీద పడ్డాక వెన్నులో నరాలు పోయే దారి ఇరుకైతే ఆ నడకే వేరు. కాస్త దూరం పోగానే కాళ్లు బరువెక్కి తిమ్మిరెక్కుతాయి, కూర్చుంటే తగ్గిపోతుంది, ముందుకు వంగి బండి తోసుకుంటూ అయితే ఎంత దూరమైనా నడిచేస్తారు, ఎందుకంటే వంగినప్పుడు ఆ దారి కొంచెం వెడల్పవుతుంది.

దీనికి అసలు వైద్యం నరం మీద ఒత్తిడి తీసేయడం. అదే డీకంప్రెషన్. స్క్రూలు, రాడ్లు బిగించి రెండు పూసల్ని ఒకటి చేయడం ఫ్యూజన్, అది వేరే పని. జనం నోట్లో రెండూ కలిసిపోయి 'వెన్ను ఆపరేషన్' అయ్యాయి, అక్కడే వస్తోంది చిక్కంతా.

ఒత్తిడి ఒక్కటి తీస్తే చాలా, ఫ్యూజన్ కూడా కలపాలా అని స్వీడన్‌లో 247 మంది మీద చేసిన పరీక్ష 2016లో వెలువడింది. రెండేళ్ల తర్వాత చూస్తే ఫ్యూజన్ కూడా చేయించుకున్నవాళ్లకి అదనంగా ఒరిగిందేమీ లేదు, పైగా రక్తం ఎక్కువ పోయింది, ఆస్పత్రిలో ఎక్కువ రోజులున్నారు. పూస జరిగినవాళ్లనే తీసుకుని నార్వేలో చేసిన పరీక్ష (2021) కూడా ఒత్తిడి తీసేస్తే చాలావరకు సరిపోతుందనే చెప్పింది. అమెరికాలో 66 మందితో చేసిన చిన్న పరీక్షలో మాత్రం ఫ్యూజన్ వైపు కాస్త మొగ్గు కనిపించింది, అదీ చెప్పాలి.

ఇంతకీ ఆ స్క్రూ చేసే పనేంటి? దాదాపు పెన్సిలంత లావున్న టైటానియం ముక్క అది, స్లాబు గట్టిపడేదాకా సెంటరింగ్ మోసినట్టు, పూసల మధ్య పెట్టిన ఎముక అతుక్కునేదాకా మోస్తుంది. అతుక్కోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఎముకలు గుల్లబారి ఉంటే స్క్రూ వదులవుతుంది, సిగరెట్ అలవాటుంటే అతుకు ఆలస్యమవుతుంది. అంతా బాగా జరిగినా ఆ భాగం వంగదు కాబట్టి భారం పై డిస్కు మీద పడుతుంది.

స్క్రూలు వద్దని కాదు. వంగినప్పుడల్లా పూస జారుతుంటే, వెన్ను బాగా వంకరపోతే అవి కావాల్సిందే. అందుకే సర్జన్ స్క్రూలన్నప్పుడు, వంగి ఒకటి, వెనక్కి వాలి ఒకటి ఎక్స్‌రేలు తీశారా, ఎముక సాంద్రత చూశారా, స్క్రూలు లేకుండా చేస్తే నాకేమవుతుంది అని అడగండి. మూత్రం మీద అదుపు పోతే మాత్రం ఈ ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి పరిగెత్తాలి.