చివరి రెండు వేల ఆర్‌పీఎం ఎవరు తినేశారు?

మొన్న ఆదివారం మా బావమరిది కొత్త కారు వేసుకొచ్చాడు. లీటరు టర్బో పెట్రోల్ (టర్బో అంటే పొగ గొట్టం వేడిగాలితో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసే ఫ్యాను), 120 హార్స్‌పవర్. గేటు పక్కన ఎండిపోతున్న నా 2002 నాటి హోండా సిటీ వీటెక్‌ని చూసి, "బావా, నీది 1500 సీసీ పెట్టుకుని 106. నాది వెయ్యికే 120. ఇంకా ఈ డబ్బా ఎందుకు?" అన్నాడు. మా ఆవిడ పక్కనే ఉంది, తమ్ముడి మాటే ఆమె మాట, నేను టిఫిన్ మీద దృష్టి పెట్టాను. అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఓపిక లేనివాళ్లు స్క్రోల్ చేసేయండి.

వాడు చెప్పింది అబద్ధం కాదు. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌నే తీసుకోండి, 998 సీసీ, 172 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), అదీ 1500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) నుంచే. ఇప్పటి హోండా సిటీలో టర్బో లేని 1.5 ఇంజిన్‌కి 121 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవరే) ఉన్నా టార్క్ 145 మాత్రమే, దానికోసం 4300 దాకా తిప్పాలి. నలుగురు ఎక్కి, ఏసీ వేసి, సింగిల్ రోడ్డు మీద గడ్డి ట్రాక్టర్‌ని దాటాలంటే ఏది సుఖమో నాకూ తెలుసు. కొండ ఎక్కినా అంతే, ఎత్తు పెరిగేకొద్దీ గాలి పల్చబడుతుంది, టర్బో లేని ఇంజిన్‌కి ప్రతి వెయ్యి మీటర్లకి ఇంచుమించు పదో వంతు బలం పోతుంది. లద్దాఖ్‌లో నా సిటీ ఆవలిస్తూ ఎక్కుతుంది, వాడిది ఆ లోటు చాలావరకు పూడ్చుకుంటూ పోతుంది. రోజువారీ బండిగా టర్బోకి నా ఓటు ఎప్పుడో పడింది.

నా గొడవంతా సరదా కోసం, స్పీడు కోసం చేసే కార్ల గురించి. అక్కడ టర్బో అంటే పడనివాళ్లు ఇప్పటికీ "ల్యాగ్, ల్యాగ్" అంటూ ఉంటారు, ఆ పాట ఆపేస్తే మంచిది. 1973లో వచ్చిన "2002 టర్బో" అనే బీఎండబ్ల్యూ కారు రోజుల్లో కాలు నొక్కి, కాసేపు ఎదురుచూసి, తర్వాత ఒక్కసారిగా వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఉండేదంటే నిజమే. ఇప్పుడది దాదాపు లేదు. శబ్దం బాగోదు అనేది కూడా సగం నిజమే. అసలు పోయింది వేరే ఉంది.

బీఎండబ్ల్యూ ఎం3నే చూడండి. 2007లో వచ్చిన ఈ92 తరం ఎం3లో 4 లీటర్ల వీ8, టర్బో లేదు, 420 పీఎస్, కానీ ఆ 420 చూడాలంటే 8300 ఆర్‌పీఎం దాకా పోవాలి. టార్క్ 400. తర్వాతి తరం ఎఫ్80లో 3 లీటర్ల ఆరు సిలిండర్లకి రెండు టర్బోలు పెట్టారు. పవర్ 431, అంటే పెరిగింది పదకొండే. టార్క్ మాత్రం 400 నుంచి 550కి ఎగిరింది, అదీ 1850 నుంచి 5500 దాకా బల్లలా చదును. గడియారం పెట్టి కొలిస్తే కొత్తదే గెలుస్తుంది. అయితే ఆ చదునే నా కంప్లయింట్. పెళ్లి భోజనంలో విస్తరి వేయగానే బూరెలు, పులిహోర, పప్పు, పెరుగు అన్నీ ఒకేసారి గుమ్మరించి "కానివ్వండి" అన్నట్టు ఉంటుంది. కడుపు నిండుతుంది, కాదనను.

పాతదాంట్లో ఆరు వేలు దాటాక ఇంకా రెండు వేలు మిగిలి ఉండేవి, ఆ రెండు వేలలోనే ఇంజిన్ మనిషిని పిలిచేది. జర్మనీలో ఉండే మా పెదనాన్న కొడుకు ఒకసారి పాత ఎం3 పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఆటోబాన్ ఎక్కించాడు. థర్డ్ గేర్, ముల్లు ఏడు వేలు దాటింది, గేరు మార్చేస్తాడనుకున్నా, మార్చలేదు, ఎనిమిది దాటింది, నాకు నవ్వొచ్చింది. భయం వేయాల్సిన చోట నవ్వు. ఆ తర్వాత చాలా టర్బో కార్లలో కూర్చున్నా, వాటిల్లో చాలావాటి స్పీడు దానికంటే ఎక్కువే, వీపు సీటుకి అతుక్కుంది గానీ ఆ నవ్వు రాలేదు.

ఇదంతా ముసలాయన చాదస్తం అనుకుంటే ఫెరారీవాళ్లని అడగండి. 458లో టర్బో లేని 4.5 లీటర్ల ఇంజిన్, 570 పీఎస్, 9000 ఆర్‌పీఎం దగ్గర. 2015లో దాని స్థానంలో 488 వచ్చింది, టర్బోలతో, 670 పీఎస్, 760 న్యూటన్ మీటర్లు. ఆ 760ని కింది గేర్లలో వాళ్లు పూర్తిగా వదలరు, కంప్యూటర్‌తో కావాలని కోసేసి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బలం పెరిగేలా కొంచెం కొంచెంగా ఇస్తారు. ఎందుకంటారు? టర్బో లేని ఇంజిన్ నడిపినట్టు అనిపించాలని! చేతిలో ఉన్న టార్క్‌ని దాచిపెట్టి మరీ పాత కారులా నటింపజేశారంటే నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మరి అందరూ అటే ఎందుకు పోయారు అంటే, ఇంజనీర్లు ఒక రోజు నిద్రలేచి సీసీల మీద విరక్తి తెచ్చుకోలేదు. యూరప్‌లో కార్బన్ డయాక్సైడ్ లెక్క వచ్చింది, కంపెనీ అమ్మే కార్ల సగటు 2015 నాటికి కిలోమీటరుకి 130 గ్రాములకి దిగాలన్నారు. దాన్ని కొలిచిన పాత టెస్టులో సిటీ డ్రైవింగ్ భాగం ఎలా ఉండేదో తెలుసా, సున్నా నుంచి 50కి 26 సెకన్లలో వెళ్లాలి. ఇరవై ఆరు! మన షేర్ ఆటో ఏడుగురిని ఎక్కించుకుని కూడా అంతకంటే ముందే పోతుంది. అంత మెల్లగా నడిపితే చిన్న ఇంజిన్‌లో టర్బోకి పనే ఉండదు, పెట్రోలు తక్కువ తాగుతుంది, కాగితం మీద మార్కులు పడతాయి. అదే కారుని నిజంగా తొక్కితే, ఎక్కువ గాలి దూరిన చోట ఎక్కువ పెట్రోలూ పొయ్యాల్సిందే. 2017 నుంచి కొత్త టెస్టు వచ్చింది, కాస్త నయం, కానీ అప్పటికే పెద్ద ఇంజిన్లు సర్దుకుని వెళ్లిపోయాయి. మన దగ్గరా అంతే, పన్ను సీసీలు చూస్తుంది, టర్బో ఉందా లేదా చూడదు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 లోపు పెట్రోల్ ఇంజిన్ అయితే 18 శాతం జీఎస్టీ, దాటితే 40. బావమరిది కారులో లీటరు ఇంజిన్ ఉందంటే అందులో పన్ను లెక్క కూడా ఉంది నాయనా.

ఈ దారి ఎక్కడికి పోయిందో చూడాలంటే మెర్సిడెస్ సీ63. మొదట 6.2 లీటర్ల వీ8, 457 పీఎస్. తర్వాత 4 లీటర్లు, రెండు టర్బోలు. 2022లో చూపించింది 2 లీటర్ల నాలుగు సిలిండర్లు, టర్బోకి కరెంటు మోటారు, వెనక ఇంకో మోటారు, బ్యాటరీ, అన్నీ కలిపి 680 పీఎస్. బరువు 2111 కిలోలు! వెనక మాత్రం 63 అనే అంకె అలాగే ఉంది. ఆ 63 ఒకప్పటి 6.3 లీటర్ల ఇంజిన్‌కి గుర్తు, ఇప్పుడు దేనికి గుర్తో షోరూమ్ కుర్రాడిని అడిగి చూడండి.

ఇంకొకటి, వేడి. మే నెలలో మా ఫ్రెండ్ టర్బో సెడాన్ వేసుకుని ఓఆర్ఆర్ ఎక్కాం. మొదటి రెండుసార్లు తొక్కితే అదిరిపోయింది, టోల్ దగ్గర క్యూలో పావుగంట నిలబడి మళ్లీ తొక్కితే ఏదో నీరసం. ఇంటర్‌కూలర్ (టర్బో తోసే గాలిని చల్లబరిచేది) కాగిపోతే లోపలికి పోయే గాలి వేడెక్కుతుంది, ఇంజిన్ దెబ్బతినకుండా కంప్యూటరే స్పార్క్‌ని ఆలస్యం చేసి బలం తగ్గించేస్తుంది. టర్బో లేనిదానికీ వేడిగాలితో బలం తగ్గుతుంది గానీ ఇంత తేడాగా తెలియదు.

రీమ్యాప్ బ్యాచ్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చేవాళ్లు) ఎలాగూ కామెంట్లలోకి వస్తారు, ల్యాప్‌టాప్ తగిలించి పదిహేను నిమిషాల్లో యాభై హార్స్‌పవర్ పెంచాం అని. పెంచండి, టర్బో బండికి అది నిజంగా వరమే. నా సిటీకి ఎంత ల్యాప్‌టాప్ తగిలించినా మహా అయితే రెండు మూడు వస్తాయేమో.

తమాషా ఏంటంటే, నాలుగు టర్బోల వేరాన్ చేసిన బుగాటీ 2024లో టూర్‌బిల్లాన్ చూపించింది, 8.3 లీటర్ల వీ16, ఒక్క టర్బో లేదు, 9000 దాకా తిరుగుతుంది. కింద కావాల్సిన టార్క్‌ని కరెంటు మోటార్లు చూసుకుంటాయి, ఇంజిన్‌కి పైన పాడుకునే పని మిగిలింది. నేను అడిగేది ఇదే పద్ధతి, కోట్ల ధర లేకుండా. లంబోర్గినీ వాళ్లు టెమెరారియోలో టర్బోలు పెట్టి కూడా 10,000 ఆర్‌పీఎం తిప్పి నా వాదనకి కొంచెం బొక్క పెట్టారు, అది కూడా ఒప్పుకుంటున్నా.

ఆ రోజు టిఫిన్ అయ్యాక బావమరిదికి సిటీ తాళాలు ఇచ్చాను. కాలనీ చివర ఖాళీ రోడ్డు మీద సెకండ్ గేర్‌లో నాలుగు వేలకే మార్చబోయాడు, "ఆగరా, ఇంకా ఉంది" అన్నాను. ఆగాడు. తిరిగొచ్చి ఏమీ అనలేదు, కానీ సాయంత్రం వెళ్లేముందు "ఎప్పుడైనా అమ్మేస్తే నాకు చెప్పు బావా" అన్నాడు. అమ్మను.