ఎగ్గొట్టినవాడికే మాఫీ

బొగ్గు విద్యుత్ కేంద్రాలు వదిలే సల్ఫర్ డయాక్సైడ్‌కు కేంద్రం 2015 డిసెంబరులో పరిమితి పెట్టి, రెండేళ్ల గడువిచ్చింది. 2017 పోయింది. 2022 పోయింది. 2024 చివర్లో ఇంకో మూడేళ్లు పొడిగించారు. అదీ చాలలేదేమో, 2025 జులైలో దాదాపు 78 శాతం యూనిట్లకు గంధకాన్ని వడగట్టే ఎఫ్‌జీడీ యంత్రాలే అక్కర్లేదని తేల్చేశారు.

యంత్రాలు ఖరీదైనవి, మన బొగ్గులో గంధకం తక్కువ, గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ప్రమాణాల లోపే ఉంది అన్నది సర్కారు వాదన. ఖర్చు సంగతి నిజమే. మిగతాది సగం లెక్క. పొగగొట్టం దాటాక ఆ వాయువు అలాగే ఉండిపోదు. గాలిలోని అమ్మోనియాతో కలిసి సల్ఫేట్ రేణువులవుతుంది, పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి ఖాతాలో చేరుతుంది, వందల కిలోమీటర్లు పోతుంది. గుండెపోటుకు, పక్షవాతానికి దారితీసే ధూళి ఇదే. ఇక విద్యుత్ కేంద్రం పక్కనే ఉన్న ఊళ్లకు అంత వ్యవధి కూడా లేదు. ఆస్తమా ఉన్న పిల్లాడు ఈ వాయువు పీలిస్తే నిమిషాల్లో శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి.

హాని లేదనుకుంటే అందరికీ మినహాయింపు ఇచ్చేవారే. ఢిల్లీ రాజధాని ప్రాంతానికి, 10 లక్షల జనాభా దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపున్న కేంద్రాలు మాత్రం 2027 చివరికల్లా యంత్రాలు పెట్టాల్సిందేనట! పల్లెటూరి ఊపిరితిత్తులు వేరే సరుకుతో చేశారా?

అంతకంటే భయపెట్టేది ఈ నిర్ణయం నేర్పే పాఠం. గడువులోగా డబ్బు ఖర్చుపెట్టి యంత్రాలు బిగించినవాళ్లు వెర్రివాళ్లయ్యారు. పదేళ్లు కదలకుండా కూర్చున్నవాళ్లు గెలిచారు. నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలోనూ ఇదే జరిగింది. 2003 నుంచి 2016 మధ్య కట్టిన యూనిట్లకు పెట్టిన, ఘనమీటరు పొగకు 300 మిల్లీగ్రాముల పరిమితిని 2020లో 450కి పెంచారు. అదే 2015 నోటిఫికేషన్‌లో పాదరసానికీ హద్దుంది. దాన్ని ఎప్పుడు ఎత్తేస్తారు? రేపు ఒక సిమెంటు ఫ్యాక్టరీయో రసాయన కర్మాగారమో వచ్చి వాళ్లకిచ్చినట్టే మాకూ ఇవ్వండి అంటే పర్యావరణ శాఖ ఏ ముఖంతో కాదంటుంది?

జరిమానా కట్టించాల్సిన చోట మాఫీ పత్రం రాసిచ్చిన శాఖ, తన పేరులోంచి పర్యావరణం అన్న మాట తీసేసుకుంటే మేలు. లేదంటే ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకోవాలి, ఎగవేసిన ప్రతి ఏడాదికీ లెక్కగట్టి వసూలు చేయాలి.