శ్లాబులో సమాధి అయిన పైపు గారికి

పడమటి గది శ్లాబులో ఫ్యాను బాక్సుకూ స్విచ్చు బోర్డుకూ నడుమ వేంచేసి ఉన్న మహారాజశ్రీ 25 ఎంఎం కరెంటు తీగల పైపు గారికి, బెంగళూరు రామమూర్తినగర్ నుంచి ఇంటి యజమాని నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. ఇవాళ ఒంటిగంట నుంచి అయిదున్నర దాకా తమరి నోట్లో తీగలు లాగే స్ప్రింగు పెట్టి తిప్పినా ఉలుకూ పలుకూ లేదు కాబట్టి తమరి కుశలం నాకు తెలియదు. నాది మాత్రం బాగాలేదు. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ నిచ్చెన పట్టుకు నిలబడ్డాను.

తమరి తోబుట్టువులంతా మర్యాదస్థులండీ. గీజరు పైపు కాస్త బెట్టు చేసింది గానీ, తీగకు సబ్బునీళ్లు పూయగానే దారికొచ్చింది. మిగతావాటిలో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ తీగలు మూడూ పెళ్లివారిలా ఒకదాని వెనక ఒకటి దిగాయి. తమరి దగ్గరకొచ్చేసరికి ఫ్యాను బాక్సు నుంచి అయిదడుగులు వెళ్లి టక్. సరే, అటు నుంచి నరుక్కు వద్దామని బోర్డు వైపు నుంచి పెడితే ఏడడుగులు వెళ్లి టక్. పన్నెండడుగుల పైచిలుకు దారిలో ఎక్కడో జానెడు మేర సిమెంటు పాలు తాగి పడుకున్నారు తమరు.

"బ్లాక్ ఆగిదె సార్," అన్నాడు ఎలక్ట్రీషియను, ఆపరేషను గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులాగా.

ఏం తక్కువ చేశానండీ తమరికి? బీవీకే అయ్యంగార్ రోడ్డు దాకా పోయి, మీడియం వద్దు హెవీ ఇమ్మని ఎంచి తెచ్చాను. కొట్టువాడు అడిగినదానికి బేరం కూడా ఆడలేదు. ఇప్పుడేమో మీ ఆఖరి చుట్టాలొచ్చారు, తీగలను పైపైనే దాచే ఈ కేసింగు పట్టీలు. సీలింగు మీద తెల్లటి పట్టీ అడ్డంగా కొట్టి "నీట్‌గా ఉంటుంది సార్" అంటారు. కొత్త గదికి పుట్టుకతోనే బ్యాండేజీ.

పోనీ కింద నుంచి పగలగొడదామా అంటే ఇంజనీరు రెండు చేతులూ జోడించాడు. శ్లాబు మందమే అయిదంగుళాలు. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 లెక్కన కింది కడ్డీలకు మామూలుగా ఉండే కాంక్రీటు కప్పు 20 ఎంఎం, అంటే అంగుళం కూడా లేదు. తమరు ఆ కడ్డీల పైన పడుకున్నారు. తమరిని లేపాలంటే ముందు వాటిని బయటపెట్టాలి, అవి తుప్పు పట్టాలి, ఆ తుప్పుకు ఉబ్బి ఇంకాస్త పెచ్చు ఊడాలి. జానెడు పైపు కోసం ఇన్ని జన్మలు ఎత్తలేను.

డాలస్‌లో ఉన్న మా బావమరిదికి ఇదంతా నవ్వులాటగా ఉంది. "మా దగ్గర అన్నీ చెక్క దూలాలు బావా, బెజ్జం వేసి కేబుల్ దూర్చేయడమే, అరగంట పని," అని వీడియో కాల్లో పాఠం మొదలెట్టాడు. దూలానికి పైనా కిందా రెండేసి అంగుళాలు వదిలి నడి ఎత్తులో బెజ్జం వేయాలట, అంచున గాటు పెడితే బలం పోతుందట. గోడల్లోని నిలువు చెక్కల్లో అయితే, అంచుకు 1¼ అంగుళం కన్నా దగ్గరగా బెజ్జం పడితే అక్కడ ఇనుప రేకు కొట్టాలట, రేపెవడో దిగ్గొట్టే మేకు తీగకు తగలకుండా. బాగుంది నాయనా. ఈ గది కడుతున్నది మీ అమ్మగారి కోసమే. ఆ దూలమేదో ఒకటి పంపించు.

అత్తయ్యగారు వచ్చి పాలు పొంగించకముందే నీలో సిమెంటు పాలు పొంగాయి. అవును, ఇక "తమరు" లేదు, "గారు" లేదు. గుండె మండి రాస్తున్నాను. ఒక్క పూట, శ్లాబు వేసిన ఆ ఒక్క పూట నోరు మూసుకుని ఉండాల్సిన చోట తెరిచావు. ఇప్పుడు తెరవాల్సిన చోట మూశావు. "శ్లాబు రోజు పక్కనే ఉంటా సార్, జాయింటు ఊడితే అక్కడికక్కడే అతికిస్తా" అన్న ఎలక్ట్రీషియను పెద్దమనిషి ఆ రోజు కోలారులో పెళ్లి భోజనం చేస్తున్నాడు. వైబ్రేటరు కుర్రాడు చెవుల్లో పాటలు పెట్టుకుని మన్ను పొడిచినట్టు పొడిచాడు. కంకర తట్టలవాళ్లు నీ మీదే రాకపోకలు. ఎవరి కాలికి ఊడావో చెప్పు, వాడి సంగతి చూస్తాను.

స్ప్రింగును కూడా మింగేశావు. ఎలక్ట్రీషియను లాగి లాగి చేతులు కమిలి, చివరికి కటింగు ప్లేయరుతో కోసేసి వెళ్లాడు. ఫ్యాను బాక్సులోంచి బెత్తెడు తోక వేలాడుతోంది.

భోజనమయ్యాక, తొక్కినవాణ్ణి పట్టుకుందామని శ్లాబు రోజు ఫొటోలు తిరగేశాను. మా అబ్బాయి తీసినవి. పదిహేడోదాంట్లో దొరికావు. ఇంకా కంకర పడలేదు. కడ్డీల మధ్య తెల్లగా, బుద్ధిగా పడుకుని ఉన్నావు. వేళ్లతో పెద్దది చేసి చూశాను. సరిగ్గా జాయింటు మీద ఒక కాలు. నీలం పట్టీల హవాయి చెప్పు. పైన లుంగీ ఎగ్గట్టి, మేస్త్రీకి వేలు చూపిస్తూ ఏదో పని నేర్పుతున్న మనిషి.

ఆ చెప్పులు ఇప్పుడే గుమ్మం బయటి నుంచి తీసి స్టాండులో వెనక్కి పెట్టొచ్చాను. ఆ ఫొటో ఎలక్ట్రీషియనుకు చూపించను. మా ఆవిడకు అసలే చూపించను. తమరు కూడా దయచేసి నోరు విప్పకండి. ఎలాగూ మూసుకునే ఉంది.