సగం వాటా అనే మాట మన చట్టంలో లేదు
విడాకులు తీసుకుంటే భర్త ఆస్తిలో సగం భార్యకు వచ్చేస్తుందని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు, అది తప్పు. గోవా సివిల్ కోడ్ సంగతి వేరు, అక్కడ దంపతుల ఆస్తిని మామూలుగా ఉమ్మడిగా లెక్కేస్తారు, 1955 హిందూ వివాహ చట్టంలో మాత్రం అలాంటి మాటే లేదు. 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం అడగొచ్చు, ఇద్దరి ఆదాయం, ఆస్తులు చూసి కోర్టు ఎంతో తేలుస్తుంది, అంతే. మా అక్క విషయంలో కళ్లారా చూశాను. ఫ్లాట్ బావ పేరున రిజిస్టర్ అయింది, ఏడేళ్లు ఈఎంఐ అక్క జీతంలోంచే పోయింది, కానీ డబ్బు ముందు ఆయన ఖాతాలో వేసి అక్కడినుంచి కట్టేవాళ్లు, విడిపోయాక అది తన సొమ్మేనని చూపించడానికి పాత బ్యాంకు స్టేట్‌మెంట్ల కోసం తిరిగి తిరిగి అలసిపోయింది పాపం. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం మాత్రం పూర్తిగా ఆమెదే, స్త్రీధనం భార్య సొంత ఆస్తి అని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభా రాణి కేసులో చెప్పింది. ఇంకోటి, విడాకులయ్యాక మాజీ భర్తకు భార్య వారసురాలు కాదు, తండ్రి ఆస్తిలో పిల్లల వారసత్వం మాత్రం ఎక్కడికీ పోదు. చాలామంది తల్లులు భయపడేది దీని గురించే, వ్యాసంలో ఆ ఒక్క ముక్క రాసినా బాగుండేది.