ఎర్రకోటు, బల్లెం, చెదరని వ్యూహం: సూడాన్ సీసం సైనికుల మీద తిరుగుతున్న కథ

పాత బొమ్మలు సేకరించేవాళ్ళ మధ్య ఒక మెసేజ్ మళ్ళీ చక్కర్లు కొడుతోంది. ఫొటోలో ఒక ఎర్ర పెట్టె, అందులో ఎర్రకోట్ల సీసం సైనికులు, రెండు ఒంటెలు, బల్లేలు ఎత్తిన నల్లటి మనుషులు. కింద రాసినదాని సారాంశం ఇది: ఇవి 1885లో ఖార్తూమ్‌లో జనరల్ గోర్డన్ చనిపోయినప్పుడు లండన్‌లో పోతపోసిన అసలు బొమ్మలు. యుద్ధం ఎలా జరిగిందో అలాగే చూపిస్తాయి. ఒకవైపు ఎర్రకోట్లు, మెషిన్ గన్లు, ఇంకోవైపు బల్లేలు తప్ప ఏమీ తెలియని తెగలు. బ్రిటిష్ వాళ్ళ చదరపు వ్యూహం (నాలుగు వైపులా బయటికి తిరిగి నిలబడే పద్ధతి) ఒక్కసారి కూడా చెదరలేదు. తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ జరిగిన ఆ గొడవతో మనకు సంబంధం లేదు. పిల్లల చేతికిస్తే చరిత్ర దానంతట అదే వచ్చేస్తుంది, అటక మీద దాస్తే లక్షలు వస్తాయి.

నేను కూడా సూడాన్ బొమ్మలే ఎక్కువగా కొంటాను కాబట్టి ఈ మెసేజ్ నాకు నలువైపుల నుంచీ వస్తోంది. "నిజమేనా?" అని అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. ఒక్కో మాటే తీసుకుందాం.

ముందుగా తారీఖు. ఫొటోలో ఉన్నవి బోలు పోత బొమ్మలు. సీసాన్ని అచ్చులో పోసి, అంచు గట్టిపడగానే లోపలిది బయటికి ఒంపేసే పద్ధతి అది. విలియం బ్రిటన్ కుటుంబం లండన్‌లో దీన్ని మొదలుపెట్టింది 1893లో. బ్రిటిష్ జనరల్ గోర్డన్ చనిపోయింది 1885 జనవరి 26న, సూడాన్‌లో తిరగబడిన మహ్దీ అనే మతనాయకుడి సైన్యం ఖార్తూమ్‌ను పట్టుకున్నప్పుడు. అంటే ఆ పెట్టె ఎంత పాతదైనా ఖార్తూమ్ పడిపోయిన ఎనిమిదేళ్ళ తర్వాతిదే కావాలి. 1885లో ఇంగ్లిష్ పిల్లలు ఆడుకున్నవి ఎక్కువగా జర్మనీ సరుకు. న్యూరెంబర్గ్ వైపు నుంచి పల్చటి తగరపు రేకు బొమ్మలు వచ్చేవి, డ్రెస్డెన్‌లో హైడే లాంటివాళ్ళు నిండు సీసం బొమ్మలు చేసేవాళ్ళు. ఆ కుటుంబపు బ్రిటన్స్ కంపెనీవాళ్ళు జర్మన్లను దెబ్బకొట్టిందే ఈ బోలు పోతతో. సీసం తక్కువ, బరువు తక్కువ, ధర తక్కువ. ఎనిమిది మంది కాల్బలం ఉన్న పెట్టె ఒక షిల్లింగ్.

అసలు పాత బొమ్మ ఎలా ఉంటుందో చెబుతాను. బ్రిటన్స్ వాళ్ళ ఈజిప్టు ఒంటెల దళంలో మొదటి రకం ఒంటెకు తోక తీగతో చేసి ఉంటుంది. రౌతును చేత్తో ఎత్తి కిందికి దించొచ్చు. కాల్బలం బొమ్మల్లో చాలావాటి తలపాగాలోనో టోపీలోనో సూదిమొన అంత రంధ్రం కనిపిస్తుంది, సీసం బయటికి ఒంపిన చోటు అది. మెడ విరిగిన బొమ్మకు వెనకటి యజమాని లోపల అగ్గిపుల్ల దూర్చి తల నిలబెట్టిన సందర్భాలు కొల్లలు. మెసేజ్‌లోని ఫొటో పెద్దది చేసి చూస్తే రంగు అద్దంలా మెరుస్తోంది, మొహాల మీద కనుబొమలు కూడా గీసి ఉన్నాయి. అవి మన కాలంలో, పాత పద్ధతిని అనుకరిస్తూ పెద్దవాళ్ళ కోసం చేసినవి. వేల్స్‌లోని ట్రోఫీ మినియేచర్స్ లాంటి చిన్న సంస్థలు సూడాన్ మీద అలాంటి వరసలు బోలెడు తెచ్చాయి. అందమైనవే, తప్పేం లేదు. గోర్డన్ కాలానివి అనడమే తప్పు.

ఎర్రకోటు సంగతి. 1884లో ఎర్రసముద్రం ఒడ్డున సువాకిన్ దగ్గర దిగిన సైన్యం మీద కనిపించింది ఎక్కువగా బూడిదరంగు, ఖాకీ. 1885 జనవరిలో ఎడారి దాటిన ఒంటెల దళం వేసుకున్నది బూడిదరంగు సెర్జ్ కోట్లు. ఎండలో మెరవకుండా తెల్ల హెల్మెట్లకు మట్టిరంగు పట్టించారు. ఎర్రకోట్లు పనిగట్టుకుని తొడిగించిన పోరు ఒకటుంది, 1885 డిసెంబరు 30న గిన్నిస్ దగ్గర. బ్రిటిష్ సైన్యం ఎర్రకోట్లలో చేసిన ఆఖరి యుద్ధం అదేనని సాధారణంగా చెబుతారు. 1898లో ఓందుర్మాన్ యుద్ధం నాటికి అంతా ఖాకీయే. మరి బొమ్మలకు ఎర్రరంగు ఎందుకేశారంటే, దుకాణం అద్దాల వెనక ఖాకీ కంటే ఎరుపు బాగా అమ్ముడవుతుంది కాబట్టి. బొమ్మలవాళ్ళకు పరేడ్ దుస్తులంటేనే ప్రేమ.

ఇక చెదరని వ్యూహం. ఈ మాట రాసినవాళ్ళు పప్పులో కాలు కాదు, ఏకంగా గంగాళంలోనే దిగారు. సూడాన్ యుద్ధాలు ఇంగ్లండులో అంత గుర్తుండిపోవడానికి ఒక కారణం ఆ వ్యూహం చెదరడమే.

1884 మార్చి 13, తమాయ్. జనరల్ గ్రాహమ్ సైన్యం రెండు చదరాలుగా కదిలింది. ముందున్న చదరంలో బ్లాక్ వాచ్ అనే స్కాట్లండ్ పటాలానికి దాడి చేయమని ఆజ్ఞ అందింది. వాళ్ళు ముందుకు ఉరికేసరికి పక్క పటాలానికీ వాళ్ళకూ మధ్య ఖాళీ పడింది. తుపాకుల పొగలో ఏమీ కనపడటం లేదు. మహ్దీ పక్షపు నాయకుడు ఉస్మాన్ దిగ్నా మనుషులు, అంటే బేజా జనంలోని హదెందోవా వీరులు, వాగు గుంటల్లోంచి లేచి ఆ సందులోంచి లోపలికి చొరబడ్డారు. నావికుల మెషిన్ గన్లు కాసేపు వాళ్ళ చేతికి చిక్కాయి. రెండో చదరం పక్కనుంచి కాల్పులు జరిపి కాపాడకపోతే ఆ రోజు కథ వేరేగా ఉండేది. బ్రిటిష్ పక్షంలో వందమందికి పైగా చచ్చిపోయారు.

పది నెలల తర్వాత, 1885 జనవరి 17, అబూ క్లియా. గోర్డన్‌ను రక్షించడానికి ఎడారికి అడ్డంపడి వెళ్తున్న దళం అది. నావికుల గార్డ్‌నర్ అనే మెషిన్ గన్‌ను బాగా కాల్చొచ్చని చదరం బయటికి తోశారు. కొద్ది రౌండ్లకే జామ్ అయింది. దాన్ని సరిచేస్తున్న సిబ్బంది మీద అన్సార్, అంటే మహ్దీ అనుచరులు, పడ్డారు, నావికుల అధికారి లార్డ్ చార్లెస్ బెరెస్‌ఫర్డ్ కొద్దిలో బతికాడు. గుర్రాల మీద యుద్ధం నేర్చిన ఆశ్వికులను ఒంటెలెక్కించి, మళ్ళీ కిందికి దించి కాల్బలంలా నిలబెట్టిన మూల తెరుచుకుంది. అక్కడే కర్నల్ బర్నబీ చచ్చిపోయాడు. లోపలికి దూసుకొచ్చినవాళ్ళను ఆపింది మధ్యలో కూర్చోబెట్టిన ఒంటెల గుంపు. అంతా కలిపి పావుగంట పని. అన్సార్‌లో వెయ్యిమందికి పైగా, బ్రిటిష్‌వాళ్ళలో డెబ్భైమందికి పైగా పోయారు. గెలిచారా అంటే గెలిచారు. కానీ ముందుగా వెళ్ళిన స్టీమర్లు ఖార్తూమ్ కనుచూపు మేరకు చేరింది జనవరి 28న, నగరం పడిన రెండు రోజులకు.

కొనేవాళ్ళకు ఒక చిన్న కిటుకు. అబూ క్లియా సెట్టు అని అమ్మేవాటిలో గొట్టాలు గుండ్రంగా పేర్చి పిడి తిప్పే గన్ కనిపిస్తే అది గాట్లింగ్. ఆ రోజు అక్కడున్న గార్డ్‌నర్‌కు ఐదు గొట్టాలు, అవి పక్కపక్కనే ఒకే వరసలో ఉంటాయి. నా పరీక్ష మాత్రం ఇంకా సులువు. మంచి సెట్టులో గన్ చుట్టూ ఉన్న నావికులు కాలుస్తూ ఉండరు, దాన్ని తెరిచి బాగుచేస్తూ ఉంటారు.

"బల్లేలు తప్ప ఏమీ తెలియని తెగలు" అన్న మాట చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. 1883 నవంబరులో షైకాన్ దగ్గర హిక్స్ పాషా అనే బ్రిటిష్ అధికారి నడిపిన ఈజిప్టు సైన్యాన్ని అన్సార్ దాదాపు పూర్తిగా తుడిచిపెట్టారు. ఆ సైన్యం రెమింగ్టన్ రైఫిళ్ళు, ఫిరంగులు వాళ్ళ చేతికి వచ్చాయి. మహ్దీ దగ్గర జిహాదియా అని తుపాకుల దళమే వేరుగా ఉండేది. 1884 ఫిబ్రవరిలో అల్ తెబ్ దగ్గర పట్టుబడిన క్రుప్ ఫిరంగులను బ్రిటిష్‌వాళ్ళ మీదికే తిప్పారు. అబూ క్లియా యుద్ధానికి ముందురాత్రంతా బ్రిటిష్ శిబిరం మీద రైఫిల్ గుళ్ళు పడుతూనే ఉన్నాయి.

అన్సార్ బొమ్మలకు వేసే అతుకుల జుబ్బా సంగతి కూడా అంతే. అది పేదరికం వల్ల కాదు, పేదవాళ్ళతో సమానమని చెప్పుకోవడానికి మహ్దీ పెట్టిన యూనిఫాం. పెట్టెల మీద "దర్విష్" అని రాస్తారు. ఆ పిలుపు వద్దని, అన్సార్ అనమని ఆయనే ఆజ్ఞాపించాడు. ఇంకో పొరపాటు, పెద్ద జుట్టున్న హదెందోవా బొమ్మలను అన్ని యుద్ధాల్లోనూ నిలబెట్టడం. వాళ్ళది తూర్పు సూడాన్, ఎర్రసముద్రం కొండలు. అబూ క్లియాలో ఎదురొచ్చింది పడమటి నుంచీ, నైలు ఒడ్డు నుంచీ వచ్చిన జనం. తయారీదారుకు మాత్రం ఒకే అచ్చు అన్ని పెట్టెలకూ సరిపోతే ఖర్చు మిగులుతుంది.

"తెల్లా నల్లా గొడవ" అనేవాళ్ళు ఓందుర్మాన్ లెక్క చూడాలి. 1898 సెప్టెంబరు 2న కిచ్‌నర్ కింద ఉన్న పాతికవేల పైచిలుకు సైన్యంలో బ్రిటిష్‌వాళ్ళు ఎనిమిది వేలే. మిగతావాళ్ళు ఈజిప్టు, సూడాన్ సైనికులు. ఆ రోజు బొమ్మలుగా అందరూ కొనుక్కునేది 21వ లాన్సర్ల గుర్రపు దాడిని, యువ చర్చిల్ పాల్గొన్నది. నాలుగు వందల మంది దూకి ఇరవైమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్న ఆ దాడి వల్ల యుద్ధం ఫలితం మారిందేమీ లేదు. అసలు గండం మెక్‌డొనాల్డ్ బ్రిగేడ్‌కు వచ్చింది. ఆ బ్రిగేడ్‌లో ఎక్కువ భాగం సూడాన్ పటాలాలే. మహ్దీ వారసుడైన ఖలీఫా నల్లజెండా దళం ఒకవైపు నుంచి, పచ్చజెండా దళం ఇంకోవైపు నుంచి పడితే, కాల్పుల మధ్యలోనే దిశ మార్చుకుని నిలబడ్డారు. సూడాన్ కాల్బలం అన్న పేరుతో బ్రిటన్స్ వాళ్ళే ఒక పెట్టె అమ్మారు. మెసేజ్ రాసినవాళ్ళు ఆ కంపెనీ కేటలాగ్ తిరగేసినా సరిపోయేది.

యుద్ధం తర్వాతి సంగతులకు మాత్రం ఏ పెట్టెలోనూ చోటు లేదు. అన్సార్‌లో పదివేల మందికి పైగా చచ్చిపోయారు, కిచ్‌నర్ పక్షంలో యాభైమంది లోపే. మైదానంలో గాయపడి ఉన్నవాళ్ళను చంపారని అప్పట్లోనే విమర్శలొచ్చాయి. కిచ్‌నర్ ఆజ్ఞతో మహ్దీ సమాధిని పేల్చి, ఎముకలను నైలు నదిలో పారేశారు. "యుద్ధం ఎలా జరిగిందో అలాగే" అన్నవాళ్ళు ఇది కూడా కలుపుకుని మాట్లాడాలి. సంక్రాంతి బొమ్మల కొలువులో ఏ మెట్టు మీద ఎవర్ని కూర్చోబెట్టాలో, ఎవర్ని అసలు పెట్టకూడదో ఇంటివాళ్ళ ఇష్టమైనట్టే, ఈ పెట్టెల్లోనూ అమ్మేవాళ్ళ ఇష్టమే నడిచింది.

"మనకు సంబంధం లేదు" అన్నది నన్ను ఎక్కువ చిరాకు పెట్టిన మాట. 1885లో సువాకిన్‌కు ఇండియా నుంచి ఒక బ్రిగేడే వెళ్ళింది. 15వ సిక్కులు, 17వ బెంగాల్, 28వ బొంబాయి పటాలాలు, 9వ బెంగాల్ ఆశ్వికులు, వీళ్ళతోపాటు మద్రాసు శాపర్లు. మద్రాసు శాపర్లంటే సైన్యానికి కంచెలు, దారులు కట్టే, బెంగళూరు కేంద్రంగా ఉన్న దళం, మద్రాసు ప్రెసిడెన్సీలోని తమిళులతోపాటు తెలుగువాళ్ళూ చేరిన దళం. మార్చి 22 మధ్యాహ్నం తోఫ్రెక్ అనే చోట ముళ్ళకంపతో శిబిరానికి కంచె వేస్తున్నారు. కంప నరికే పనివాళ్ళు ఇంకా బయటే ఉన్నారు. పొదల్లోంచి ఒక్కసారిగా బేజా వీరులు వచ్చి పడ్డారు. మొదటి ఊపుకు 17వ బెంగాల్ పటాలం చెదిరిపోయింది. సిక్కులు, బొంబాయివాళ్ళు, బెర్క్‌షైర్ పటాలం నిలిచారు. కత్తీ పారా పట్టుకుని పనిలో ఉన్న శాపర్లు దొరికిన ఆయుధంతో కలబడ్డారు. ఇరవై నిమిషాల్లో ముగిసింది. బెర్క్‌షైర్‌కు పేరు ముందు "రాయల్" అన్న బిరుదు వచ్చింది. మద్రాసు శాపర్ల యుద్ధగౌరవాల జాబితాలో తోఫ్రెక్ చేరింది.

వాళ్ళు మనవాళ్ళని ఛాతీ విరుచుకోమని నేను అనడం లేదు. ఎవరి దేశాన్ని వాళ్ళు కాపాడుకుంటున్న బేజాల మీదికి, మన ఊళ్ళ నుంచి జీతానికి వెళ్ళినవాళ్ళను నిలబెట్టారు. గర్వమో సిగ్గో ఎవరికి వాళ్ళు తేల్చుకోవచ్చు, సంబంధం లేదనడం మాత్రం కుదరదు. నా అలమరలో తోఫ్రెక్ కోసం కేటాయించిన అర ఉంది. శాపర్లను అచ్చంగా చేసినవి దొరక్క, సిక్కు బొమ్మల తలలు మార్చి, చేతుల్లో పారలు పెట్టి నెట్టుకొస్తున్నాను.

లక్షల సంగతి రెండు ముక్కల్లో. బ్రిటన్స్ వాళ్ళు సీసం సైనికులను 1966 దాకా కుప్పలు తెప్పలుగా చేశారు. పాతదైనంత మాత్రాన ధర రాదు. అసలు పెట్టె, అసలు రంగు, విరగని చేతులు ఉంటేనే వస్తుంది. పాతబడిందని మళ్ళీ రంగేస్తే ఉన్న విలువ కూడా పోతుంది. ఆ మెసేజ్ చూసి ఎవరైనా అడ్వాన్సు కట్టమంటే బొమ్మ అడుగుభాగం, టోపీ పైభాగం ఫొటోలు ముందు పంపమనండి.

చివరిది, పిల్లల చేతికివ్వడం. ముట్టుకుంటేనే విషమని కొందరు టెన్షన్ పడతారు, అది అతి. సీసం చర్మంలోంచి పెద్దగా ఎక్కదు. నోట్లోకి వెళ్ళినా, ధూళిగా పీల్చినా ప్రమాదం. పాత రంగులోనూ సీసం ఉంటుంది. చిన్నపిల్లలకు ఇంత వరకూ పర్వాలేదు అన్న మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలు సూడాన్ యుద్ధం ఆడుకోవాలంటే ప్లాస్టిక్ బొమ్మలు ఉన్నాయి. ఆర్మీస్ ఇన్ ప్లాస్టిక్ అనే కంపెనీ పాత సీసం బొమ్మల సైజులోనే చేస్తుంది, కిందపడినా విరగవు. పెద్దవాళ్ళు సీసానివి పట్టుకున్నాక చేతులు కడుక్కుంటే చాలు. వాటిని ఓక్ చెక్క అలమరలో మాత్రం పెట్టొద్దు. ఆ చెక్క వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. గాజు తలుపులున్న ఇనుప బీరువా మేలు.